వేషం, దేహం, అంగడి
(స్మారకోపన్యాస పాఠం)



మాస్టారి పేరిట ఏటా జరిగే ఉపన్యాసం ఇది. పద్యనాటకాలకు ఆహార్యం సమకూర్చడంలోనే మాస్టారి జీవితం గడిచింది. కిరీటం మెరుస్తోందా అని చూసే ముందు, అది పెట్టుకున్న నటుడు మెడ తిప్పగలుగుతున్నాడా అని చూసేవారు. వేషం ఒంటికి శిక్ష కాకూడదనీ, ఏ ఒళ్ళూ వేషానికి తగనిది కాదనీ ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆధారం చేసుకుని ఈరోజు కాస్‌ప్లే గురించి మాట్లాడదలిచాను.

కామిక్ పుస్తకాల్లో, జపాన్ యానిమేల్లో, సినిమాల్లో, వీడియో గేముల్లో కనిపించే పాత్రలా దుస్తులు వేసుకుని, కాసేపు ఆ పాత్రగా మెలగడం కాస్‌ప్లే. మన దేశంలో కామిక్ కాన్ అనే అభిమానుల వేడుక 2011లో ఢిల్లీలో మొదలైంది. 2013లో హైదరాబాద్ వచ్చింది. ఇవాళ ఈ సభలో ఉన్న పిల్లల్లోనూ కొందరు దానికోసం నెలల తరబడి రాత్రిళ్ళు మేలుకుని కత్తులూ కవచాలూ తయారుచేస్తున్నారు. పెద్దల్లో చాలామందికి అది డబ్బు దండగ వ్యవహారంగా కనిపిస్తోంది. వ్యాపారులకు మాత్రం అందులో మంచి బజారు కనిపిస్తోంది. ఈ రెండు చూపులకూ అందని విషయం ఒకటుంది. కొనుక్కున్న గుర్తింపు మీద అమ్మినవాడి పట్టు ఎప్పటికీ పోదు. చేతులారా చేసుకున్న గుర్తింపు మాత్రం మనదవుతుంది. ఏది కొన్నదో ఏది చేసుకున్నదో తేల్చిచెప్పేది మన దేహం. నేను ఈరోజు చెప్పబోయేదంతా ఈ మూడు మాటల వివరణే.

కుట్టిన చెయ్యి

1939 జులైలో న్యూయార్క్‌లో మొట్టమొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశం జరిగింది. దానికి లాస్ ఏంజెలెస్ నుంచి ఫారెస్ట్ అకర్మన్ అనే యువకుడు, మర్టిల్ డగ్లస్ అనే యువతి భవిష్యత్ లోకపు మనుషుల వేషాల్లో వచ్చారు. పత్రికల ముఖచిత్రాలకు ఫ్రాంక్ పాల్ గీసిన బొమ్మలూ, 1936లో వచ్చిన 'థింగ్స్ టు కమ్' సినిమా ఆ దుస్తులకు ఆధారం. మిగిలినవాళ్ళంతా మామూలు బట్టల్లో వచ్చిన ఆ సభలో ఈ ఇద్దరి ఫోటోలూ చరిత్రకెక్కాయి. మరుసటి ఏడు షికాగో సమావేశంలో వేషాల పోటీ పెట్టారు. అక్కడినుంచి అది ఆనవాయితీ అయింది.

చాలాకాలం పాటు ఈ చరిత్రలో అకర్మన్ పేరే ముందు వినిపించింది. ఆ రెండు జతల దుస్తులనూ ఊహించి, కత్తిరించి, కుట్టింది మాత్రం మొరోజో అనే కలంపేరుతో రాసిన మర్టిల్ డగ్లస్. ఈ కళకు తొలి శిల్పి ఒక స్త్రీ. ఆమెకు దక్కవలసిన పేరు దశాబ్దాల ఆలస్యంగా దక్కింది. వేషం వేసినవాణ్ణి గుర్తుపెట్టుకుని, కుట్టిన చేతిని మరిచిపోవడం అక్కడే మొదలైంది. అది ఇప్పటికీ ఆగలేదు.

సరుకు వెనక కథ

ఇక జపాన్ సంగతి. 1985 నుంచి అక్కడ లొట్టే కంపెనీ బిక్కురిమాన్ అనే 30 యెన్‌ల చాక్లెట్‌లో దేవతలూ రాక్షసులూ పోరాడే బొమ్మల స్టిక్కర్లు పెట్టి అమ్మింది. స్టిక్కర్ ముందువైపు ఒక పాత్ర, వెనకవైపు ఆ పాత్ర గురించి రెండు ముక్కలు. ఒక స్టిక్కర్‌తో ఏమీ తెలియదు. పదులకొద్దీ పోగుచేస్తే వాటి వెనక ఒక పెద్ద పురాణం లీలగా కనిపిస్తుంది. పిల్లలు ఎగబడి కొన్నారు. స్టిక్కర్ తీసుకుని చాక్లెట్ పారేశారు.

ఒట్సుకా ఎయిజీ అనే విమర్శకుడు 1989లో దీనిమీద ఒక సిద్ధాంతం రాశాడు. పిల్లలు డబ్బు పెట్టింది తిండికీ కాదు, బొమ్మకీ కాదు, బొమ్మల వెనకున్న కథలో వాటా కోసం అన్నాడు. అంతటితో ఆగకుండా ఇంకొక మాట అన్నాడు. కథ మొత్తం తెలిసిపోయిన పిల్లవాడు తన సొంత పాత్రను తానే పుట్టించగలడు. అప్పుడు తయారుచేసేవాడికీ వాడుకునేవాడికీ మధ్య గీత చెరిగిపోతుంది. కాస్‌ప్లే సరిగ్గా ఆ గీత చెరిగే చోట పుట్టింది.

టోక్యోలో 1975 డిసెంబర్‌లో కామిక్ మార్కెట్ మొదలైంది. అభిమానులు తాము సొంతంగా గీసి అచ్చువేసుకున్న పుస్తకాలు అమ్ముకునే సంత అది. మొదటిసారి 700 మంది దాకా వచ్చారు. ఇప్పుడు లక్షల్లో వస్తారు. కాస్‌ప్లే పెరిగిన వాకిళ్ళలో అది ముఖ్యమైనది. అక్కడ అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ నిర్వాహకులూ అందరూ ‘పాల్గొనేవాళ్ళే’, ఎవరూ ‘కస్టమర్లు’ కారు అన్నది వాళ్ళ మూలసూత్రం. వేషంతో ఇంటినుంచి రాకూడదు, అక్కడి గదుల్లోనే మార్చుకోవాలి, అడగందే ఎవరి ఫోటో తీయకూడదు అని నియమాలున్నాయి. బజారు మధ్యలో నిలబడి కూడా మేము బజారు మనుషులం కామని చెప్పుకున్న ఆ సూత్రం నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది.

మన సమాజంలో మనిషి తానెవరో చెప్పకముందే ఊరు, ఇంటిపేరు, కులం చెప్పేస్తాయి. అడగకుండా అంటగట్టే ఆ గుర్తింపుల మధ్య పెరిగిన పిల్లకు, తాను ప్రేమించిన కథలోంచి ఒక పేరు ఎంచుకుని, ఆ పేరుతో నలుగురిలోకి రావడం నిజమైన ఊరట. కాస్‌ప్లే జరిగే హాల్లో ఆమెను ‘మీరేవిట్లు’ అని ఎవరూ అడగరు. ఏ పాత్ర అని అడుగుతారు. ఆ ఊరటను నేను తక్కువ చేయను. ఆ దాహాన్ని కనిపెట్టే అంగడి తన సరుకు పేర్చుకుంటుందన్నది కూడా అంతే నిజం.

ఒంటి సాక్ష్యం

నడక, కూర్చోవడం, ఈదడం వంటివన్నీ సమాజం ఒంటికి నేర్పిన విద్యలే అని మార్సెల్ మోస్ 1934లో పారిస్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో చెప్పాడు. కాస్‌ప్లే చేసేవాళ్ళకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. ఈవీఏ ఫోమ్ షీటును హీట్ గన్‌తో వేడిచేసి వంచి చేసిన కవచం తొడుక్కుంటే భుజాలు వెనక్కి పోతాయి, అడుగు పొడవు మారుతుంది. విగ్గు బరువుకు మెడ నిటారుగా నిలుస్తుంది. రంగు లెన్సులతో చూపు ఇరుకవుతుంది. చెమట, ఆకలి, బాత్రూమ్‌కు వెళ్ళలేని ఇబ్బంది. తెరమీది పాత్రకు ఇవేవీ లేవు. బొమ్మకు బరువు లేదు, వయసు లేదు. బరువూ వయసూ ఉన్న మనిషి బరువూ వయసూ లేని బొమ్మను తన ఒంటితో మోయాలి. ఈ ఎడాన్ని డబ్బు పూడ్చలేదు. దాన్ని పూడ్చడానికి చెయ్యి పనిచేయాలి, ఊహ పనిచేయాలి.

ఆల్బిన్ జాన్సన్ అనే అమెరికన్ 1994లో కారు ప్రమాదానికి గురై చివరికి ఒక కాలు కోల్పోయాడు. కృత్రిమ కాలితో నలుగురిలోకి రావడానికి జంకే రోజుల్లో ‘స్టార్ వార్స్’ సైనికుడి తెల్లని ప్లాస్టిక్ కవచం ఆయనకు దొరికింది. అది తొడుక్కుంటే ఏ కాలు అసలుదో ఏది కాదో ఎవరికీ తెలియదు. 1997లో ఆయనా, ఆయన మిత్రుడు టామ్ క్రూస్ కలిసి 501వ లీజియన్ అనే సంఘం పెట్టారు. ఇవాళ దానికి ప్రపంచమంతటా 10 వేలకు పైగా సభ్యులున్నారు. కథలో దుష్టుల పక్షాన ఉండే ఆ సైనికుల వేషంలో ఆసుపత్రుల్లోని పిల్లల్ని పలకరిస్తారు, విరాళాలు పోగుచేస్తారు. తమకోసం రూపాయి తీసుకోరు.

జాన్సన్ చిన్న కూతురు మెదడు కణితితో 2005లో కన్నుమూసింది. ఆ పాపకోసం అభిమానులు ‘స్టార్ వార్స్’ రోబోను గులాబీ రంగులో తయారుచేశారు. 2015లో వచ్చిన ‘ది ఫోర్స్ అవేకెన్స్’ సినిమాలో ఆ గులాబీ రోబో కనిపిస్తుంది. కథను కొనుక్కున్నవాళ్ళ చేతుల్లో రూపుదిద్దుకున్న వస్తువు కథలోనే చోటు సంపాదించింది. ఒట్సుకా చెప్పిన గీత చెరిగిపోవడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం నాకు తెలియదు.

ఓరెగాన్ రాష్ట్రంలో పుట్టిన మ్యాజిక్ వీల్‌చెయిర్ అనే స్వచ్ఛంద సంస్థ, చక్రాల కుర్చీలో తిరిగే పిల్లలకు ఆ కుర్చీ చుట్టూనే ఓడనో డ్రాగన్‌నో కట్టి ఉచితంగా ఇస్తుంది. కుర్చీని దాచరు. కుర్చీయే వేషానికి పునాది అవుతుంది. ఏ ఒళ్ళూ వేషానికి తగనిది కాదన్న మాస్టారి నమ్మకం వాళ్ళ చేతుల్లో పనిగా మారింది.

ఇదే లోకంలో అవమానాలూ ఉన్నాయి. నల్లజాతి యువతి చాకా కంబర్‌బ్యాచ్ ‘సెయిలర్ మూన్’ అనే యానిమేలోని సెయిలర్ వీనస్ వేషం వేస్తే, పాత్ర రంగు వేరు, నీ రంగు వేరు అని ఆన్‌లైన్‌లో దాడిచేశారు. ఆమె ఆ అనుభవాన్ని బహిరంగంగా రాసింది. 2015 ఫిబ్రవరిలో నల్లజాతి కాస్‌ప్లేయర్ల చిత్రాలను నెలంతా రోజూ పంచుకునే ఉద్యమం నడిపింది. లావుగా ఉన్నవాళ్ళకూ వయసు మళ్ళినవాళ్ళకూ ఇలాంటి మాటలు తప్పడం లేదు. వేషం వేసుకుంది కాబట్టి ఒంటిమీద చెయ్యి వేయవచ్చనుకునే మగవాళ్ళ సంగతి వేరే చెప్పాలా? 2014లో న్యూయార్క్ కామిక్ కాన్ నిర్వాహకులు, కాస్‌ప్లే సమ్మతి కాదు అని పెద్ద బోర్డులు రాయించి నిలబెట్టవలసి వచ్చింది.

మనకు స్త్రీ పాత్రలు ధరించిన స్థానం నరసింహారావు గారు ఉన్నారు. సత్యభామగా, మధురవాణిగా ఆయన వేదిక మీదికి వస్తే ఒంటి కొలతలు ఎవరూ అడగలేదు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మగారి భామ కూడా అంతే. స్త్రీలకు వేదిక దొరకని కాలపు అన్యాయం ఆ సంప్రదాయం వెనక ఉంది, దాన్ని మరవకూడదు. అయినా వాళ్ళు నిరూపించిన సత్యం నిలిచే ఉంది. పాత్ర ఒంటి పోలికలో ఉండదు, ఒంటికి నేర్పిన విద్యలో ఉంటుంది. రంగూ కొలతలూ చూసి కాస్‌ప్లేయర్‌ను ఎగతాళి చేసేవాడికి వేషమంటే ఏమిటో తెలియదు.

యజమాని ఉన్న పాత్ర, లేని పాత్ర

పౌరాణిక పాత్రకు యజమాని లేడు. నెమలిపింఛం, నీలి ఛాయ, పిల్లనగ్రోవి ఉంటే ఎవరి కృష్ణుడు వారివాడే. కాస్‌ప్లేలో ధరించే పాత్రల్లో చాలావాటికి హక్కుదారు కంపెనీ ఉంటుంది. ‘స్టార్ వార్స్’ సైనికుల శిరస్త్రాణాలను మొదటి సినిమాకోసం ప్లాస్టిక్‌తో తయారుచేసిన బ్రిటిష్ పనివాడు ఆండ్రూ ఎయిన్స్‌వర్త్, తర్వాత వాటి నకళ్ళు అమ్మితే లూకాస్‌ఫిల్మ్ సంస్థ దావా వేసింది. 2011లో బ్రిటన్ సుప్రీంకోర్టు, అది సినిమాకోసం చేసిన వాడుక వస్తువే తప్ప శిల్పం కాదు, కాబట్టి బ్రిటన్‌లో దానికి ఆ కాపీరైట్ రక్షణ లేదని చెప్పింది. అమెరికా కాపీరైట్ ఉల్లంఘన మీద మాత్రం బ్రిటన్ కోర్టులో దావా నడవవచ్చని కూడా అదే తీర్పులో చెప్పింది. 2021 మొదట్లో జపాన్ ప్రభుత్వం కూడా, కాస్‌ప్లేను వృత్తిగా చేసుకుని సంపాదించేవాళ్ళ విషయంలో కాపీరైట్ నియమాలు స్పష్టం చేయాలా అని ఆలోచించింది. సరదాకు వేసుకునే వేషాన్ని కంపెనీలు సాధారణంగా చూసీచూడనట్టు వదిలేస్తాయి. కానీ అభిమాని నిలబడిన నేల తనది కాదు. ఒకరి ఔదార్యం మీద ఆధారపడిన స్వేచ్ఛ అది.

తెలుగువాళ్ళకు ఈ సంగతి ఇటీవలే కళ్ళెదుట జరిగింది. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో భక్తులు బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు వేస్తారు. స్త్రీలను చెరపట్టే పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ వేషాలు మార్చిందనీ, దొర వేషంలో వాణ్ణి పట్టి చంపిందనీ ఐతిహ్యం. మగవాళ్ళు చీర కట్టి, నగలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. మొక్కిన ప్రతి ఒళ్ళూ ఆ వేషానికి అర్హమైనదే. 2024 డిసెంబర్‌లో వచ్చిన ‘పుష్ప 2’ సినిమాలో అల్లు అర్జున్ చీర కట్టి, ఒంటికి నీలిరంగు పూసుకుని ఆడిన జాతర ఘట్టానికి మూలం అదే. సినిమా వచ్చాక అభిమానులు అదే వేషంతో థియేటర్లకు వచ్చారు. వాళ్ళు అనుసరించింది తెరమీది రూపాన్ని. నగలు, రంగు, చీర కట్టు, అన్నీ ఆ నటుడి పోస్టర్‌కు సరిపోవాలి. ఎవరి సొత్తూ కాని మొక్కు వేషం సినిమాలోకి వెళ్ళి, ఒక హీరో గుర్తుగా తిరిగి వచ్చింది.

అభిమానుల్ని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. వాళ్ళ ఉత్సాహం నిజమైనది. పాతదంతా మంచిదనీ అనను. పగటివేషం వేసిన కళాకారులకు అది పుట్టుకతో వచ్చిన వృత్తి, ఇల్లిల్లూ తిరిగి చెయ్యి చాచవలసిన బతుకు. వాళ్ళకు వేషాన్ని ఎంచుకునే స్వేచ్ఛ లేదు. ఇవాళ్టి యువతకు ఆ స్వేచ్ఛ ఉంది. ఎంచుకునే స్వేచ్ఛ పుట్టుక చేతిలోంచి బయటపడి, వెంటనే కంపెనీ చేతిలో పడకూడదన్నదే నా ఆరాటం.

అంగడి దారి, చేతిపని దారి

చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రంలో దాజీ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి కుటుంబాలు ఇళ్ళలోనూ చిన్న షెడ్లలోనూ ప్రదర్శన దుస్తులు కుట్టి టావ్‌బావ్ అనే ఆన్‌లైన్ బజారులో అమ్ముతాయి. కాస్‌ప్లేకు కూడా ఇప్పుడు తల నుంచి కాలిదాకా రెడీమేడ్‌గా దొరకని వస్తువు లేదు. కొనుక్కుని వేసుకునేవాళ్ళను నేను తక్కువగా చూడను. కుట్టు రానివాళ్ళకూ తీరిక లేనివాళ్ళకూ అదే దారి. అయితే మొరోజో పేరు మరుగునపడినట్టే, ప్యాకెట్‌లో వచ్చిన బట్ట వెనక కుట్టిన ఒళ్ళు ఎవరిదో మనకు తెలియదు. ఒక పండగకోసం కొని, ఫోటో దిగి, చెత్తలో పడేసే పాలిస్టర్ బట్ట ఎన్నేళ్ళకు మట్టిలో కలుస్తుందో ఆలోచించాలి.

బజారు వేగంగా పెరుగుతోంది. కామిక్ కాన్ ఇండియాను 2024లో నాడ్విన్ గేమింగ్ సంస్థ 55 కోట్ల రూపాయలకు కొన్నది. సోనీ చేతిలోని క్రంచీరోల్ సంస్థ యానిమేలను తెలుగులో డబ్ చేసి అందిస్తోంది. 2025 సెప్టెంబర్‌లో ‘డీమన్ స్లేయర్’ సినిమా తెలుగులోనూ థియేటర్లకు వచ్చింది. మన పిల్లలు ఆ కథలను అమ్మభాషలో వినడం నాకు సంతోషమే. కానీ పెట్టుబడి పెట్టినవాడు లెక్కచూసుకుంటాడు. కాస్‌ప్లేయర్ ఆ లెక్కలో టికెట్ కొన్న మనిషే కాదు, టికెట్లు అమ్మిపెట్టే ఉచిత ప్రకటన కూడా. హాల్లో తిరిగే ప్రతి వేషమూ ఏదో కంపెనీ సరుకును ఒంటిమీద మోస్తున్నదే.

దీనికి ఎదురుదారి కూడా ఉంది. జపాన్‌లోని నగోయాలో 2003 నుంచి ప్రపంచ కాస్‌ప్లే సమ్మేళనం జరుగుతోంది. 2005 నుంచి అందులో దేశాల మధ్య పోటీ కూడా ఉంది. పోటీలో వేసే దుస్తులు పోటీదారులే స్వయంగా తయారుచేసుకోవాలి. అక్కడ తీర్పు పోలికతో ఆగదు. కుట్టు చూస్తారు, వేదిక మీద అభినయం చూస్తారు. కొనుగోలుదారును పనివాడిగా, పనివాణ్ణి నటుడిగా మార్చే పద్ధతి ఇది. అతుకు కనపడకుండా కుట్టడం తెలిసిన అమ్మాయి రేపు ఏ దుకాణంలోనైనా బట్ట తిరగేసి చూసి, ఇది ఎంత పనో చెప్పగలదు. ఆ ఎరుక ఉన్న మనిషిని ఏ ప్రకటనా తేలిగ్గా మభ్యపెట్టలేదు.

నా విన్నపం

ఇక్కడున్న నాటక శాఖల అధ్యాపకులకు ఒక విన్నపం. కాస్‌ప్లే చేసే పిల్లల్ని మీ ఆహార్య తరగతికి పిలవండి. ఫోమ్ కవచం ఎలా వంచాలో వాళ్ళ దగ్గర నేర్చుకోండి. ఆ కవచంతో ఎలా నిలబడాలో, ఎలా చూపు నిలపాలో మీరు నేర్పండి. గంగమ్మ జాతర వేషాలు కట్టేవాళ్ళను, పగటివేషాల కళాకారులను గౌరవ వేతనమిచ్చి పిలిపించండి. వాళ్ళ విద్య మ్యూజియంలో చేరకముందే మన పిల్లల చేతుల్లో పడాలి.

కామిక్ కాన్ వంటి వేడుకల నిర్వాహకులకు నాలుగు మాటలు. సమ్మతి నియమాన్ని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ద్వారం దగ్గర పెట్టండి. దుస్తులు మార్చుకోవడానికి శుభ్రమైన గదులు, కూర్చోవడానికి చోటు, తాగడానికి నీళ్ళు, చక్రాల కుర్చీ నడిచే దారి ఏర్పాటు చేయండి. స్వయంగా చేసిన వేషాలకు వేరే బహుమతి పెట్టండి. పోటీలో రంగూ కొలతలూ మార్కులు కాకూడదు.

తల్లిదండ్రులారా, మీ అమ్మాయి కుట్టుమిషను ముందు కూర్చుని ఏదో వింత బట్ట కుడుతూ ఉంటే, అది పరీక్షకు పనికొస్తుందా అని అడగకండి. ఆ పక్కన కూర్చుని అంచు పట్టుకోండి.

యువ మిత్రులారా, ఏ కథనైనా ప్రేమించండి, ఏ పాత్రనైనా ధరించండి. డబ్బు ఉంటే కొనండి, కానీ ఒక్క భాగమైనా మీ చేత్తో చేయండి. మీ ఫోటో కింద కుట్టినవాళ్ళ పేరు, విగ్గు సరిచేసినవాళ్ళ పేరు రాయండి. ఎదుటివారి రంగునూ లావునూ వయసునూ ఎగతాళి చేసే మాట మీ నోట రానివ్వకండి, మీ ఎదుట ఎవరైనా అంటే ఊరుకోకండి. ఈ పనులు మీరు చేయగలిగితే, కాస్‌ప్లే అంగడి సరుకుగా మిగిలిపోదు. మన కాలపు కళల్లో ఒకటిగా నిలుస్తుంది.